టైర్ల ఎంపిక, బిగింపు, సంరక్షణ

విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో టైరు కొనేవారు ముందుగా అడిగేది ధర. చదవవలసింది మాత్రం టైరు పక్కభాగం. అక్కడ 185/65 ఆర్ 15 88 హెచ్ అని ఉంటే, వెడల్పు 185 మిల్లీమీటర్లు, పక్కభాగం ఎత్తు ఆ వెడల్పులో 65 శాతం, నిర్మాణం రేడియల్, రిమ్ము వ్యాసం 15 అంగుళాలు అని అర్థం. 88 సూచించే భారం 560 కిలోలు. హెచ్ అంటే గరిష్ఠ వేగం గంటకు 210 కి.మీ. తయారీ కోడు చివర 2319 ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైనది. దుకాణంలో ఎంత మెరిసినా రబ్బరుకు వయసు మీద పడుతూనే ఉంటుంది.

రెండు టైర్లే మారుస్తుంటే కొత్తవాటిని వెనుక బిగించాలి. ముందుకే వేయమని చాలామంది అంటారు. కాని వానలో బందరు రోడ్డుపై వెనుక టైర్లు పట్టు తప్పితే కారు గిర్రున తిరుగుతుంది. నట్లను ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాలి.

డెల్టాలో మే నెల ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. టైరు పగులుతుందని భయపడి కొందరు గాలి తగ్గిస్తారు. ఇది ప్రమాదకరం. గాలి తగ్గితే ప్రతి చుట్టుకూ పక్కభాగం ఎక్కువగా వంగుతుంది. ఆ వంపు వేడిని పుట్టిస్తుంది. వేడికి లోపలి పొరలు విడిపోతాయి. మనుషులతో, సామానుతో నిండిన కారుకు ఈ ముప్పు మరీ ఎక్కువ. కాబట్టి ఉదయం, బండి కదలకముందే, డ్రైవరు తలుపు దగ్గరి పట్టికలో చూపిన మేరకు గాలి నింపండి. స్టెప్నీకి కూడా.

కారు టైరు గాడి లోతు 1.6 మి.మీ.కు తగ్గినప్పుడు అడుగునున్న అరుగుదల గుర్తు పైభాగంతో సమానమవుతుంది. అప్పుడు మార్చవలసిందే.

అభ్యాసం: మీకు అందుబాటులో ఉన్న ఒక వాహనం టైర్ల తయారీ వారాన్ని చదివి రాయండి.