పెరటి గుంటలో పెద్ద కలువ

బతుకమ్మ పండుగకు కలువపూలు కావలెనని లోతు తెలియని చెరువులోనికి దిగుట ప్రాణాపాయము. తూడులు కాళ్లకు చుట్టుకొన్నచో ఈత వచ్చినవారికిని బయటపడుట కష్టము. రైతు సోదరులారా, ఆ పూవును మీ పెరటిలోనే పూయించుకొనవచ్చును.

ఏ రకము?

కలకత్తా సమీపమున హౌరా వృక్షోద్యానములో పళ్లెముల వంటి ఆకులుగల విక్టోరియా కలువ కలదు. అది అమెజాన్ నదీప్రాంతపు మొక్క. ఒక్కొక్క ఆకు 6 అడుగులు మించి పెరుగును గనుక ఇంటి గుంటకు తగదు. మనకు తగినది ఎర్ర కలువ. ఆకు 1 అడుగు మొదలు అడుగున్నర వరకు ఉండును. పూవు రాత్రి విచ్చి, మరునాడు పొద్దెక్కిన పిదప ముడుచుకొనును.

గుంట

రోజుకు 6 గంటలు ఎండ తగులు చోట 8 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు, 2 అడుగుల లోతున త్రవ్వుడు. చల్క నేలలో నీరింకును. సిమెంటు పూత వేయుడు. వాననీరు చొరకుండ గట్టు ఎత్తుగా కట్టుడు. చిన్నపిల్లలున్న ఇంట చుట్టును కంచె తప్పనిసరి.

నాటుట

వేసవిలో గాని తొలకరిలో గాని నాటవలెను. అడుగున్నర వెడల్పు, 1 అడుగు లోతుగల తొట్టిలో చెరువు ఒండ్రుమట్టి 3 పాళ్లు, బాగుగా చివికిన పశువుల ఎరువు 1 పాలు కలిపి నింపుడు. పచ్చిపేడ వేసినచో నీరు కుళ్లును. మొలక పైకి కనబడునట్లు దుంపను నాటి, పైన ఇసుక పరచుడు. తొట్టిని ఇటుకలపై నిలిపి, మొలకపై 4, 5 అంగుళముల నీరుంచుడు. ఆకులు సాగినకొలది ఇటుకలు తీసి తొట్టిని దింపుడు.

పోషణ

నెలకొకసారి గుప్పెడు వేపపిండి, ఎముకల పొడి కాగితములో పొట్లము కట్టి, దుంపకు బెత్తెడు దూరమున మట్టిలో గ్రుచ్చుడు. పండుటాకులు కోసివేయుడు. పేను పట్టినచో నీరు చిమ్మి కడుగుడు. పురుగుమందు చల్లినచో చేపలు చచ్చును. దోమపిల్లలను తినుటకు 10 గప్పీ చేపలను విడువుడు.

ముఖ్యమైన హెచ్చరిక

గుర్రపుడెక్కను అందమునకై గుంటలో వేయకుడు. అదియు దక్షిణ అమెరికానుండి పూలమొక్కగానే వచ్చి, నేడు చెరువులను కప్పివేయుచున్నది. 2024లో పూడిక తీయుటకై నీరు ఖాళీచేసిన వరంగల్ భద్రకాళి చెరువు కూడ దాని బాధకు గురియైనదే. తీసివేసిన మొక్కలను, గప్పీ చేపలను ఊరి చెరువులో పారవేయరాదు. మొక్కలను ఎండబెట్టి ఎరువుగుంటలో వేయవలెను. గ్రామాధికారులు ఈ సంగతిని ఊరివారికి తెలుపుదురు గాక.