నైట్ షిఫ్ట్ దిగే టైమ్‌కే వేలం క్లోజ్: సైకిల్ గ్యాడ్జెట్ల మీద బిడ్ వేసే ముందు ఇవి చూడండి

పటాన్‌చెరు, పాశమైలారం వైపు చాలా కంపెనీల్లో నైట్ షిఫ్ట్ దిగేది పొద్దున ఆరింటికి. అమెరికాలో వస్తువుని వేలానికి పెట్టేవాళ్లు ఎక్కువగా ఇష్టపడే క్లోజింగ్ టైమ్ ఆదివారం రాత్రి. వేసవిలో న్యూయార్క్‌లో ఆదివారం రాత్రి 8 అయితే మనకి సోమవారం తెల్లవారి 5:30. అంటే రాత్రంతా నిద్రలేక కళ్లు మండుతున్న మనిషి చేతిలో ఫోన్ ఉంటుంది, ఆ ఫోన్‌లో కౌంట్‌డౌన్ నడుస్తుంటుంది. బిడ్ వేయడానికి ఇంతకంటే చెడ్డ టైమ్ ఇంకోటి ఉండదు.

ఇక్కడ ఒక ఫార్మా కంపెనీలో పనిచేసే నా ఫ్రెండ్ అచ్చం ఇలాగే షిఫ్ట్ బస్సులోంచి ఫోన్ చేశాడు. "మామా, ఎవడో నన్ను వదుల్తలేడు. నేను పెంచిన సెకన్‌లనే వాడూ పెంచుతుండు!" పాత పవర్ మీటర్ పెడల్స్ కోసం ఆ గొడవ. వాడి గొంతులో వస్తువు మీద ఆశ కంటే అవతలివాడి మీద పంతమే ఎక్కువ వినిపించింది.

నిజానికి అవతల ఆ క్షణంలో ఎవడూ లేడు. ఈబే లాంటి సైట్లలో నడిచేది ప్రాక్సీ బిడ్డింగ్. మీరు గరిష్ఠంగా ఎంత ఇస్తారో ఒకసారి చెప్తే, మీ తరఫున సిస్టమే కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోతుంది. ఎవరో మూడు రోజుల క్రితం 95 డాలర్లు అని రాసి పడుకున్నారనుకోండి. స్క్రీన్ మీద 61 కనిపిస్తుంది. మీరు 62 వేస్తే వెంటనే 'అవుట్‌బిడ్' అని వస్తుంది, 70 వేసినా అదే. మనం పోట్లాడేది నిద్రపోతున్న మనిషి రాసిపెట్టిన అంకెతో. అదే మీరు మొదటే 120 అని ఇచ్చి ఉంటే 96కే వస్తువు మీది. కాబట్టి పగలు, నిద్ర తీరాక ఒక అంకె అనుకోవాలి, చివర్లో ఒక్కసారే వేయాలి, యాప్ మూసేయాలి.

మన దగ్గర ఈ వేలాల మోజు కొత్తదేం కాదు. 2000లో మొదలైన బాజీ డాట్ కామ్‌ని 2004లో ఈబే కొనేసింది. ఆ ఇండియా సైట్ 2018 ఆగస్టులో మూతపడింది. ఇప్పుడు మనం వేసే బిడ్లు ఎక్కువగా విదేశీ లిస్టింగ్‌ల మీదే. అసలు ఖర్చు అక్కడే దాక్కుంటుంది. కస్టమ్స్ డ్యూటీ గెలిచిన ధర ఒక్కదాని మీదే కాదు, షిప్పింగ్, ఇన్సూరెన్స్ కూడా కలిపి లెక్కేస్తారు. డ్యూటీ కలిపిన ఆ మొత్తం మీద మళ్లీ ఐజీఎస్టీ. 'గిఫ్ట్ అని రాయించేద్దాం' అనేవాళ్లకి ఒక మాట: 5,000 రూపాయల లోపు గిఫ్ట్‌లకి ఉన్న మినహాయింపు 2019 డిసెంబర్‌లోనే పోయింది, రాఖీలు, ప్రాణరక్షక మందులు తప్ప. పైగా అది అబద్ధం రాయించడమే.

ఇక వస్తువుల సంగతి. ఫేవెరో అసియోమా పెడల్స్‌లో డుయో, ఊనో అని ఉంటాయి. ఊనోలో సెన్సర్ ఎడమ పెడల్‌కే ఉంటుంది. ఎడమ కాలి పవర్‌ని రెట్టింపు చేసి మొత్తం చూపిస్తుంది. ఫొటోలో మాత్రం జత పెడల్స్ కనిపిస్తాయి. కుడి పెడల్ ఫొటో జూమ్ చేయండి, యాక్సిల్ దగ్గర సెన్సర్ పాడ్ లేకపోతే అది ఊనోనే, టైటిల్‌లో ఏం రాసినా సరే. గార్మిన్ ఎడ్జ్ 530, 830లకి ఛార్జింగ్ పోర్ట్ ఇంకా మైక్రో యూఎస్‌బీయే, 540, 840 నుంచి టైప్ సి. అమెరికా యూనిట్ అయితే మన మ్యాప్‌లు మనమే ఎక్కించుకోవాల్సి రావచ్చు. పాత ఓనర్ అకౌంట్ తీసేశాడా, బ్యాటరీ ఎన్ని గంటలు వస్తోంది అని అమ్మేవాడిని మెసేజ్‌లో అడగండి. జవాబు రాకపోతే వదిలేయండి. కార్బన్ ఫ్రేమ్, వీల్స్ అయితే నేను అడగను కూడా. లోపలి పగులు ఫొటోలో కనపడదు.

ఈ మోజు ఎందుకు పెరిగిందో అర్థం చేసుకోగలను. 2023 అక్టోబర్ 1న ఓఆర్ఆర్ పక్కన 23 కిలోమీటర్ల సోలార్ రూఫ్ సైకిల్ ట్రాక్ ఓపెన్ అయ్యింది. అందులో ఒక లైన్ నార్సింగి నుంచి కొల్లూరు దాకా వస్తుంది. పటాన్‌చెరు నుంచి కొల్లూరు ఎంత దూరమని! ట్రాక్ మీద పక్కవాడి హ్యాండిల్‌బార్ మీద వాట్స్ కనిపిస్తుంటే మనకీ కావాలనిపిస్తుంది.

కానీ ట్రాక్ దాకా వెళ్లాలంటే లారీల మధ్యే తొక్కాలి. తెల్లవారుజామున ఎన్‌హెచ్ 65 మీద డ్యూటీకి సైకిల్‌పై వెళ్లేవాళ్లని గమనించండి, చాలామందికి వెనక చిన్న రిఫ్లెక్టర్ కూడా ఉండదు. నా ఫ్రెండ్ సైకిల్‌కీ లేదు. అందుకే ఆ పొద్దున ఫోన్‌లో వాడిని నేను అడిగింది బిడ్ గురించి కాదు, "అరేయ్, నీ టెయిల్ లైట్ ఏదిరా?" అని. యూఎస్‌బీ ఛార్జింగ్ టెయిల్ లైట్ ఇక్కడి సైకిల్ షాపులోనే దొరుకుతుంది. కౌంట్‌డౌన్ ఉండదు, కస్టమ్స్ ఉండదు. వర్షం తట్టుకునే రేటింగ్ ఐపీఎక్స్4 అయినా ఉందో లేదో చూసుకోండి. రబ్బర్ స్ట్రాప్ మీ సీట్ పోస్ట్‌కి సరిపోతోందా అన్నది షాపులోనే బిగించి చూడండి. పెడల్స్ సంగతంటారా, మావాడు ఇంకా అలర్ట్ పెట్టుకునే ఉన్నాడు.