బట్టమేక లేని బీడు

దసరా వెళ్లి, వానలు తెరిపిచ్చాక నంద్యాల జిల్లా రోళ్లపాడు దారి పట్టండి. జొన్నచేలు దాటితే గడ్డిబీడు... కృష్ణజింకల మంద చెంగున దూకుతుంది. మిడతల కోసం గడ్డి మీద తేలియాడే గద్దలు మధ్య ఆసియా నుంచి వచ్చిన చలికాలపు చుట్టాలు!

కనిపించనిది ఒక్కటే... బట్టమేక పిట్ట. దానికోసమే 1988లో ఈ బీడును అభయారణ్యం చేశారు. అది సాధారణంగా పెట్టేది ఒకే గుడ్డు, అదీ నేలమీదే! చుట్టుపక్కల బీళ్లు పొలాలయ్యాయి. రక్షణ దొరికి జింకలు పెరిగాయి, చేలు మేశాయి. నష్టపోయిన రైతుకు అభయారణ్యమంటేనే కంటగింపైంది. పిట్ట కరవైంది. ఇప్పుడవి ఎక్కువగా మిగిలింది రాజస్థాన్‌లోనే.

వెళ్తే బండి దారిమీదే ఆపండి, గడ్డిలోకి దించకండి. పొద్దుగూకితే ఆ గద్దలకు పడక అక్కడే!