ప్రింటరే లేని సర్వర్‌లో ప్రింట్ సర్వీసుకు ఏం పని?

2021 జులై మొదటి వారంలో అనేక దేశాల్లో సర్వర్ల బాధ్యత చూసే ఉద్యోగులకు ఒకే పని పడింది. తమ యంత్రాల్లో ‘ప్రింట్ స్పూలర్’ నడుస్తోందేమో వెతకడం, నడుస్తుంటే ఆపడం. అచ్చు వేయాల్సిన పత్రాలను వరుసలో పెట్టి ప్రింటర్‌కు పంపే చిన్న సాఫ్ట్‌వేర్ అది. అందులో బయటపడిన లోపానికి ‘ప్రింట్‌నైట్‌మేర్’ అనే పేరు స్థిరపడింది. సంస్థ నెట్‌వర్క్‌లో మామూలు ఉద్యోగిగా లాగిన్ కాగలిగిన వారెవరైనా సరే, ప్రింటర్ డ్రైవర్ అనే ముసుగులో తమ ప్రోగ్రామును ఎక్కడో ఉన్న సర్వర్ మీద నడిపించవచ్చు. విండోస్‌లో స్పూలర్‌కు అత్యున్నత అధికారాలుంటాయి కాబట్టి ఆ దొంగ ప్రోగ్రాముకూ అవే దక్కుతాయి. నెలవారీ సవరణల తేదీ వచ్చేదాకా ఆగే వీలులేక మైక్రోసాఫ్ట్ జులై 6న అత్యవసర సవరణలు విడుదల చేసింది.

లోపాలు ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా ఉండేవే. ఆశ్చర్యం కలిగించేది మరొకటి. సంస్థలో అందరి పాస్‌వర్డులనూ సరిచూసే ‘డొమైన్ కంట్రోలర్’ అనే కీలక సర్వర్లలో సైతం ఈ స్పూలర్ నడుస్తూ ఉంది. మామూలుగా ఆ యంత్రానికి ప్రింటర్ తగిలించరు. అయినా విండోస్ వేసిన రోజు నుంచీ స్పూలర్ తనంతట తాను మొదలవుతూనే వచ్చింది. నడపమని ఎవరూ చెప్పలేదు, ఆపమనీ ఎవరూ చెప్పలేదు.

ఇలా తెర మీద కనిపించకుండా, ఎవరైనా పిలుస్తారేమోనని కాచుకుని ఉండే ప్రోగ్రాములనే బ్యాక్‌గ్రౌండ్ సర్వీసులు అంటాం. యునిక్స్, లినక్స్ వాడేవారు వీటిని ‘డీమన్’లంటారు. ఆ మాట భౌతికశాస్త్రం నుంచే వచ్చింది. వాయు అణువులున్న పెట్టె మధ్యలో ఒక చిన్న తలుపు, ఆ తలుపు దగ్గర కూర్చుని వేగంగా వచ్చే అణువులను ఒక పక్కకు, నెమ్మదిగా వచ్చేవాటిని మరో పక్కకు పంపే బుల్లి భూతం. 1867లో జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ చేసిన ఈ ఊహను తలచుకునే, 1963 ప్రాంతంలో అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు తెర వెనుక పనిచేసే ప్రోగ్రాములకు ఆ పేరు పెట్టుకున్నారు. పోలిక బాగానే కుదిరింది. నేటి సర్వర్‌లోనూ నెట్‌వర్క్ వైపు తలుపులు తెరిచి కూర్చునేవి ఈ డీమన్‌లే. ఆ తలుపులనే పోర్టులంటారు. వెబ్‌సైట్లకు 443, దూరం నుంచి లాగిన్ కావడానికి 22, ఇలా ఒక్కో పనికి ఒక్కో నంబరు.

తలుపు తెరిచి ఉందని ఇంటివారికే తెలియకపోతే ఏమవుతుందో 2003 జనవరి 25న తెలిసింది. ‘స్లామర్’ అనే పురుగు ప్రోగ్రాము మైక్రోసాఫ్ట్ డేటాబేస్ సర్వీసు వినే 1434 పోర్టు ద్వారా దూరింది. దాని పరిమాణం 376 బైట్లే. మొదట్లో దాని బారిన పడిన యంత్రాల సంఖ్య ప్రతి 8.5 సెకన్లకూ రెట్టింపయింది. లోపమున్న యంత్రాల్లో దాదాపు 90 శాతం 10 నిమిషాల్లోనే చిక్కాయి. దానికి విరుగుడు సవరణ ఆరు నెలల ముందే, 2002 జులైలోనే వచ్చి ఉంది. మరి ఎందుకు వేసుకోలేదు? బద్ధకం కొంత కారణమే. కానీ చాలామందికి తమ యంత్రంలో ఒక డేటాబేస్ నడుస్తోందన్న సంగతే తెలియదు. వేరే ఏదో సాఫ్ట్‌వేర్ వేసుకున్నప్పుడు దానితోపాటు లోపలికి వచ్చి కూర్చుంది. లేదనుకున్నదానికి మందెవరు వేస్తారు?

అనవసరమైన సర్వీసులు ఆపితే సర్వర్ వేగం పెరుగుతుందని కొందరు చెబుతుంటారు. ఖాళీగా కాచుకుని ఉన్న సర్వీసు తినే మెమరీ నేటి యంత్రాలకు సాధారణంగా లెక్కలోది కాదు. అసలు లాభం, కాపలా కాయాల్సిన తలుపులు తగ్గడం.

అయితే ఏది ఆపాలో తేల్చడం పేర్ల జాబితా చూసి టిక్కులు పెట్టినంత సులువు కాదు. ముందు ఏ పోర్టు దగ్గర ఏ ప్రోగ్రాము వింటోందో చూడాలి. లినక్స్‌లో ‘ఎస్ఎస్’, విండోస్‌లో ‘నెట్‌స్టాట్’ అనే కమాండ్‌లు ఆ వివరం చెబుతాయి. అందులో పోర్టు నంబరుతోపాటు చిరునామా కూడా కనిపిస్తుంది. 127.0.0.1 అని ఉంటే ఆ సర్వీసు అదే యంత్రంలోని ప్రోగ్రాములకు మాత్రమే పలుకుతుంది. 0.0.0.0 అని ఉంటే ఆ యంత్రానికి ఉన్న ఏ నెట్‌వర్క్ నుంచి పిలిచినా పలుకుతుంది. విద్యార్థుల మార్కులు చూపే ఒక కాలేజీ వెబ్‌సైట్ ఉందనుకోండి. వెబ్ సర్వీసు లోకానికంతా పలకాలి. మార్కులు దాచే డేటాబేస్ అదే యంత్రంలో ఉంటే, అది పక్కనున్న వెబ్ సర్వీసుకు మాత్రం పలికితే చాలు. అంటే కొన్నిసార్లు సర్వీసును ఆపనక్కరలేదు, దాని గొంతు ఎంత దూరం వినిపించాలో సరిచేస్తే సరిపోతుంది.

ఈ చిన్న సవరింపు జరగకపోవడం వల్లే 2018 ఫిబ్రవరి 28న ‘గిట్‌హబ్’ మీద సెకనుకు 1.35 టెరాబిట్ల వరద వచ్చి పడింది. వెబ్‌సైట్ల వేగం పెంచే ‘మెమ్‌క్యాష్‌డ్’ సర్వీసు వేలాది సర్వర్లలో అందరికీ పలుకుతూ ఉంది. దాడి చేసినవారు బాధితుడి చిరునామాతో దానికి చిన్న చిన్న ప్రశ్నలు పంపారు. వాటికి వేల రెట్లు పెద్దవైన జవాబులు నేరుగా బాధితుడి మీదికి వెళ్లాయి. ఆ తర్వాత వచ్చిన కొత్త వెర్షన్‌లో, ఈ దాడికి దారిచ్చిన యూడీపీ పద్ధతిని మొదటి నుంచే మూసి ఉంచారు.

పేరు తెలియని ప్రతిదాన్నీ ఆపేయడం మరో ప్రమాదం. గడియారాన్ని సరిచేసే సమయ సర్వీసునే చూడండి. చూడటానికి అల్పంగా ఉంటుంది. అది లేక యంత్రం గడియారం 5 నిమిషాలకు మించి తప్పితే, డొమైన్ కంట్రోలర్లు వాడే ‘కెర్బెరోస్’ పద్ధతి మామూలు అమరికలో లాగిన్లను తిరస్కరిస్తుంది. దాడి జరిగాక ఏ యంత్రంలో ఏది ముందు జరిగిందో పోల్చి చూడాలన్నా గడియారాలన్నీ ఒకటిగా ఉండాలి. అందుకే 2022 ఏప్రిల్‌లో మన దేశపు సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల్లో, నేషనల్ ఇన్ఫర్మేటిక్స్ సెంటర్ లేదా న్యూఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ సమయంతో కంప్యూటర్ గడియారాలను కలుపుకోవాలని ఉంది. లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలనీ ఉంది. కాబట్టి సమయం చూసే డీమన్, లాగ్‌లు రాసే డీమన్ జోలికి పోకూడదు.

ఆపడంలోనూ మెట్లున్నాయి. నేటి లినక్స్ సర్వర్లలో ఎక్కువగా కనిపించే ‘సిస్టమ్‌డీ’లో ‘స్టాప్’ అంటే ఇప్పటికి ఆగుతుంది, యంత్రం మళ్లీ మొదలైనప్పుడు లేచి కూర్చోవచ్చు. ‘డిజేబుల్’ అంటే తనంతట తాను లేవదు, మరో సర్వీసు లేపితే మాత్రం లేస్తుంది. ‘మాస్క్’ అంటే ఎవరు పిలిచినా లేవదు. అనుమానమున్న సర్వీసును ముందు స్టాప్ చేసి, ఎవరైనా ఫిర్యాదు చేస్తారేమో కొన్నాళ్లు చూసి, తర్వాత పై మెట్టుకు వెళ్లడం మంచిది. నెలకొకసారి నడిచే జీతాల లెక్కలాంటివి ఉంటాయి కాబట్టి ఆ కొన్నాళ్లు కనీసం ఒక నెల కావాలి.

విండోస్ కథ విని నవ్వుకున్న లినక్స్ అభిమానులకు 2024 సెప్టెంబరులో తమ వంతు వచ్చింది. నెట్‌వర్క్‌లో ప్రింటర్లను వెతికిపెట్టే ‘కప్స్ బ్రౌజ్‌డీ’ అనే డీమన్ 631 పోర్టులో ఎవరు పలకరించినా నమ్ముతోందని తేలింది. నకిలీ ప్రింటర్‌ను దానికి అంటగట్టి, ఎవరైనా ఆ ప్రింటర్‌కు ఒక పత్రం పంపినప్పుడు దాడి చేసినవారి కమాండ్ నడిచేలా చేయవచ్చు. మళ్లీ అదే సలహా వచ్చింది: ప్రింటింగ్ అవసరం లేని చోట ఆపేయండి. ఉబుంటు, డెబియన్‌లలో కొత్త ప్యాకేజీ వేయగానే అందులోని సర్వీసు సాధారణంగా వెంటనే నడవడం మొదలుపెడుతుంది. అందుకే ఈ ఏడాది సరిచూసిన జాబితా, మరో నాలుగు ప్యాకేజీలు వేశాక మళ్లీ తీసి చూడాల్సిందే.