గంప పని కూడా ఆగుతుంది

మీ చుట్టుపక్కల ఏదైనా ఒక వృత్తిలో అందరూ ఒక్కసారిగా పని మానేస్తే ఏమవుతుందో రాయమన్నారు ఎడిటర్ గారు. డాక్టర్లు, డ్రైవర్లు మిగతావాళ్ల వంతుకు వెళ్లారు. నేను మైపాడు దారి పట్టాను. ఎందుకంటే మా నెల్లూరు తీరంలో ఇది ఏటా జరిగేదే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, ఇంజను ఉన్న పడవేదీ వేటకు కదలకూడదు.

ఫైబర్ బోట్లు ఇసుక మీద వరసగా పడుకుంటాయి. మగవాళ్లు నీడన కూర్చుని చిరిగిన వలలు అల్లుకుంటారు. పులుసులోకి పుల్లమామిడి దండిగా దొరికే కాలం ఇదే. వంజరం, చందువ దొరకని కాలమూ ఇదే. నెల్లూరు వంటిళ్లు కొరమేనుతో, చెరువు చేపలతో సర్దుకుంటాయి.

నన్ను కదలనివ్వనిది ఈ 61 రోజులకిచ్చే ప్రభుత్వ సాయం అర్హతల కాగితం. ఒకప్పుడు 4,000 రూపాయలుండే భృతి 2019లో 10,000, 2025లో 20,000 అయింది. మంచి పనే, గట్టిగా మెచ్చుకోవలసిందే. కానీ ఆ కాగితం పడవ దగ్గర మొదలై పడవ దగ్గరే ఆగుతుంది. పడవ రిజిస్ట్రేషను, దాని మీద వేటకెళ్లే మనుషులు, అంతే. తెల్లవారుజామున ఒడ్డున వేలంపాట పాడుకుని, గంప నెత్తికెత్తుకుని ఊళ్లమ్మట తిరిగే ఆడమనిషి అందులో లేదు. పడవ రాకపోతే ఆమె గంప కూడా ఖాళీయే కదా! డబ్బు ఇంటికేగా వస్తోంది అంటారు. ఇంట్లో వేటకెళ్లే మగదిక్కు లేని ఆమెకు ఏ ఇంటికి వస్తుంది? పులికాట్ దాటితే తమిళనాడు. అక్కడ మత్స్యకార మహిళల పేరుతోనే పొదుపు, సహాయ పథకం ఉంది. మనకెందుకు ఉండకూడదు?

ఈ వేట విరామం చరిత్ర రెండు ముక్కల్లో: చేపలు గుడ్లు పెట్టే కాలమని వేట ఆపుతారు. రాష్ట్రంలో సముద్ర వేట నియంత్రణ చట్టం 1994లో వచ్చింది. 47 రోజుల విరామం 2015లో 61 అయింది. అంతకుముందు నుంచే పట్టపుపాలేల్లో, అంటే మత్స్యకారుల పల్లెల్లో, కాపులు (ఊరి పెద్దలు) కూర్చుని ‘దురాయి’ అనే కట్టుబాటు వేసేవారు. వేశారంటే ఊరంతా కట్టుబడాల్సిందే. సర్కారు మాట కన్నా నాకు ఆ మాటే దగ్గరగా అనిపిస్తుంది, అది ఒడ్డున పుట్టింది గనుక.

ఒడ్డున మిగిలినవి

తెడ్డుతో, తెరచాపతో నడిచే తెప్పలకు నిషేధం వర్తించదు. నిషేధంలో వేటాడి దొరికితే పడవ, పట్టిన చేపలు స్వాధీనం చేసుకుంటారు. ఈ 61 రోజులూ గంపల్లోకి ఎక్కువగా చేరేవి ముందే ఎండబెట్టి దాచిన నెత్తళ్లు, కవళ్లు. అవి అయిపోతే గంప గోడకు బోర్లిస్తారు.