పోర్షే 911 ముందుభాగాన్ని కిందికి దించడం

1963లో ఫ్రాంక్‌ఫర్ట్ మోటారు ప్రదర్శనలో తొలిసారి కనిపించిన పోర్షే 911కు ముందువైపు కాయిల్ స్ప్రింగులు లేవు. 1989లో 964 తరం వచ్చేవరకు ఆ పని టార్షన్ బార్లదే. తడి గుడ్డను పిండినట్టు మెలిపడి, తిరిగి విడివడుతూ బరువు మోసే ఉక్కు కడ్డీలివి. ఫెర్డినాండ్ పోర్షే సంస్థ ఈ పద్ధతికి 1931లోనే పేటెంటు కోరింది. తర్వాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌లోనూ ఇదే వాడారు.

911లో ఈ కడ్డీ కారు పొడవునా, చక్రాన్ని పట్టి ఉంచే కింది కంట్రోల్ ఆర్మ్ ఇరుసు గొట్టంలోనే ఇమిడి ఉంటుంది. దాని ముందు కొస ఆర్మ్‌ను పట్టుకుంటుంది. వెనక కొసకు చిన్న మీట, ఆ మీటను నొక్కిపెడుతూ ఒక స్క్రూ. స్క్రూ వదులు చేస్తే మీట కాస్త తిరుగుతుంది, కారు ముందుభాగం దిగుతుంది. స్ప్రింగు కోయనక్కర్లేదు, కొత్త విడిభాగం కొననక్కర్లేదు. కడ్డీ గట్టిదనం మారదు, అది నిలిచే కోణమే మారుతుంది. ఇంత చక్కటి ఏర్పాటు ఆనాటి స్పోర్ట్స్ కార్లలో అరుదు.

కొలత మాత్రం జాగ్రత్తగా తీయాలి. నేల సమతలంగా ఉండాలి, టైర్లలో గాలి సరిగ్గా ఉండాలి. పెట్రోలు ట్యాంకు ముందువైపే ఉంటుంది కనుక అది నిండుగా ఉందో లేదో కూడా చూడాలి. స్క్రూ తిప్పాక కారును కొంతదూరం నడిపి, సస్పెన్షన్ సర్దుకున్న తర్వాతే మళ్లీ కొలవాలి. అమెరికాకు వెళ్లిన కార్లు అక్కడి బంపర్ నిబంధనల వల్ల మరింత ఎత్తుగా ఉండేవి. వాటిని యూరప్ ఎత్తుకు తేవడమే చాలామంది యజమానులు చేసే మొదటి మార్పు.

చిక్కు అక్కడి నుంచే మొదలవుతుంది. కారు దిగినకొద్దీ కంట్రోల్ ఆర్మ్ బయటి కొస పైకి లేస్తుంది, స్టీరింగును చక్రానికి కలిపే టై రాడ్ వాలు కూడా మారుతుంది. రెండూ ఒకే వంపులో కదలనప్పుడు, స్టీరింగ్ తిప్పకపోయినా గతుకు తగలగానే చక్రం పక్కకు తిరుగుతుంది. దీన్నే బంప్ స్టీర్ అంటారు. స్టీరింగ్ ర్యాక్ కింద పలచని పలకలు వేసి దాన్ని కొద్దిగా ఎత్తడం దీనికి పరిష్కారం. బాగా దించితే మరో నష్టం ఉంది: చక్రం పైకి కదిలే చోటు తగ్గి సస్పెన్షన్ రబ్బరు బంప్ స్టాపులకు కొట్టుకుంటుంది. మలుపుల్లో కారు ఒరగడమూ పెరగవచ్చు. అందుకే రేసు కార్లకు చక్రాన్ని మోసే నిలువు స్ట్రట్ మీద చక్రపు ఇరుసునే పైకి జరుపుతారు. అప్పుడు బాడీ దిగినా ఆర్మ్ కోణం చెడదు.

దించిన ప్రతిసారీ చక్రాల నిలువు వాలు (క్యాంబర్), అవి చూసే దిశ (టో) మారతాయి, హెడ్‌లైట్ల వెలుగు దగ్గరలోనే పడుతుంది. రోడ్డు మీద తిరిగే 911కు యూరప్ ఎత్తు చాలు. అంతకన్నా దించదలచినవారు ర్యాక్‌నూ స్ట్రట్‌నూ సరిచేయించి, అలైన్‌మెంట్ చేయించిన తర్వాతే కారును రోడ్డెక్కించాలి.