పెరటికోళ్ల వంశరక్షణ

మియాపూరునకును లింగంపల్లికిని నడుమ, ముంబయి రహదారి ననుసరించి విస్తరించిన చందానగరులో, బహుళాంతస్తుల భవనములు నానాట దట్టమగుచున్నను, ప్రహరీ గోడయు, చిన్న పెరడును, అందొక జామచెట్టును గల ఇండ్లు కొన్ని ఇంకను మిగిలియున్నవి. అట్టి పెరటిలో నాలుగు కోళ్లను పెంచుకొనవలెనను కోరిక, పల్లెలు విడిచి వచ్చి సైబరాబాదు కొలువులలో కుదురుకొన్న గృహస్థులకు కలుగుట సహజము. గ్రుడ్ల కొరకు మాత్రమే పెట్టలను సాకుట సులభము. దానికి పుంజుతో పనియే లేదు. కాని తన పెరటి గ్రుడ్డును పొదిగించి, ఆ పిల్లలనుండి మరల మేలైన సంతతిని పడసి, ఒక జాతిని తరతరములు నిలుపవలెనని సంకల్పించినవాడు వంశపాలనమను బాధ్యతను గూడ స్వీకరించుచున్నాడు.

ప్రథమకర్తవ్యము జాతినిర్ణయము. 1988లో ఈ నగరముననే, రాజేంద్రనగరమందు, కేంద్రప్రభుత్వ వ్యవసాయ పరిశోధన మండలి నెలకొల్పిన కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకమునకై వనరాజ, గ్రామప్రియ అను కోళ్లను రూపొందించినది. గ్రుడ్లు కోరు గృహస్థునకు అవి మిక్కిలి ఉపకరించును గాని, భిన్నవంశముల సంకరమువలన పుట్టినవగుటచే, వాని గ్రుడ్లను పొదిగించిన యెడల పిల్లలలో తల్లిదండ్రుల గుణములు చెదరిపోవును. కావున సంతతిని నిలుపగోరువారు నాటుకోడినిగాని, అసీలునుగాని ఎన్నుకొనుట యుక్తము. పొడవైన మెడ, నిటారైన నిలుకడ, చిన్న తురాయి, బలిష్ఠమైన కాళ్లుగల అసీలు మన తెలుగుసీమ స్వంతజాతులలో ఒకటి. కాకి, డేగ, నెమలి, పింగళ అని దాని రంగులకు మనవారు పెట్టిన పేర్లు ఎంతటి నిశితదృష్టికి సాక్ష్యములో చెప్పనక్కరలేదు. ఆ దృష్టి చిరకాలము పందెములకే వినియోగపడినది. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము జంతువులను పోరాటమునకు పురికొల్పుటను నేరముగా నెంచినది. పందెము పోయినను జాతి పోగూడదు. దానిని హింసకు దూరముగా కాపాడు భారము ఇక గృహస్థులదే.

నాటు పుంజొకటి ఎనిమిది, పది పెట్టలకు చాలును. బరువైన అసీలు పుంజునకు ఐదారు పెట్టలు మించరాదు. చురుకైన కన్ను, వంకరలేని వేళ్లు, రోగమెరుగని పూర్వచరిత్ర గల పక్షులనే ఎన్నవలెను. నాటు పెట్ట విడతకు పండ్రెండు మొదలు పదునైదు గ్రుడ్లు పెట్టి పొదుగుకు కూర్చుండును. పొదిగింపదలచిన గ్రుడ్లను కడుగక, సన్నని కొన క్రిందుగా, చల్లనిచోట నుంచి, వారము దాటకుండ వాడవలెను. మండువేసవిలో మూడు నాలుగు దినములకు మించి నిలువ యుంచుట క్షేమము కాదు. రాత్రివేళ పెట్టక్రింద పది పండ్రెండు గ్రుడ్లుంచి, ఏడవనాడు చీకటిగదిలో దీపమున కెదురుగా పట్టి చూచిన, జీవమున్న గ్రుడ్డులో ఎఱ్ఱని నరములు సాలెగూడువలె అల్లుకొని కనుపించును. స్వచ్ఛముగా నున్నవానిని తీసివేయవలెను. ఇరువదియొకటవ నాటికి పిల్లలు వెడలివచ్చును. ఇంక్యుబేటరు వాడువారు, లోపల గాలి త్రిప్పు పంకా గల యంత్రమైనచో, 37.5 డిగ్రీల సెల్సియస్ వేడిమిని చెదరనీయక, చివరి మూడు దినములలో తేమను పెంచవలెను.

తల్లిలేని పిల్లలకు మొదటివారము 95 డిగ్రీల ఫారన్‌హీట్ వెచ్చదనమిచ్చి, వారమునకు ఐదేసి డిగ్రీల చొప్పున తగ్గించుచు రావలెను. మన పల్లెలు కొక్కెర తెగులని భయపడు రాణీఖేతు వ్యాధి గూటినంతటిని కొలదినాళ్లలోనే తుడిచిపెట్టగలదు. ఒకసారి సోకినపిమ్మట చికిత్స లేదు గనుక, వారము లోపల లసోటా టీకా చుక్కలను, ఇరువదియెనిమిదవ దినమున మరల ఆ చుక్కలనే, ఎనిమిదవ వారమున ఆర్.టు.బి. టీకాను వేయించుట విధి.

ఇంతవరకు చెప్పినది సంరక్షణము. వంశపాలనములోని అసలు కష్టము వేరొకటి. ఒకే పుంజు, దాని కూతుళ్లు, ఆ కూతుళ్ల బిడ్డలు ఇట్లు ఒకే ప్రహరీలో సంగమించుచుండిన, రక్తసంబంధము దట్టమై, గ్రుడ్లు పిల్లలు కాకుండుట, పుట్టిన పిల్లలు క్షీణించుట తప్పవు. జన్యుశాస్త్రజ్ఞుల గణితము ననుసరించి, ఒక పుంజు ఎనిమిది పెట్టలు గల గుంపులో ఈ అంతఃప్రజననము తరమునకు సుమారు 14 శాతము చొప్పున పెరుగును. పెట్టలను పదునారు చేసినను అది 13 శాతమునకు మాత్రమే దిగును. ఆ ఎనిమిది పెట్టలకే పుంజులను రెండు చేసినచో ఇంచుమించు 8 శాతమునకు తగ్గును. అనగా వంశమును కాపాడునది పెట్టల సంఖ్య కాదు, పుంజుల సంఖ్య. పల్లెలో ఇంటింటి కోళ్లు వీథిలో కలిసి తిరుగుచుండుటచే, ఎవరును తలపెట్టకయే పలు పుంజుల రక్తము కలియుచుండెడిది. నగరపు ప్రహరీ ఆ మేలును ఆపివేసినది. అట్లని పుంజులను పెంచుదమన్న, రెండు అసీలు పుంజులు ఒక పెరట ఇమిడియుండవు. వేకువ కూతను సహించు పొరుగువారి ఓర్పునకును మేర గలదు.

కావున నా మనవి యిది: ఒకే జాతిని పెంచు నాలుగైదు ఇండ్లవారు ఒక వలయముగా ఏర్పడి, ఇంటికొక పుంజునుంచుకొని, ఏటేట మొదటి యింట పుట్టిన మేలైన పుంజు రెండవ యింటికిని, రెండవయింటిది మూడవ యింటికిని, కడపటిది మొదటిదానికిని చేరునట్లు కట్టుబాటు చేసికొనవలెను. వచ్చిన పుంజును మూడు వారములు వేరుగానుంచి, జబ్బు లేదని నిశ్చయించుకొన్న పిదపనే పెట్టలలో విడువవలెను. పెట్ట తనలో పాత పుంజు వీర్యమును రెండువారములవరకు నిలుపుకొనగలదు గనుక, అటుపై మరి మూడు వారములు గ్రుడ్లను వంటకే వాడవలెను. ప్రతి పిల్లకును రంగు కడియము తొడిగి, తల్లి యెవరు, తండ్రి యే యింటిదను వివరమును పుస్తకమున వ్రాసికొనవలెను. ఈ పుస్తకము లేని వలయము నిష్ప్రయోజనము.

ఒక్క యిల్లు గ్రుడ్లను సంపాదింపగలదు గాని జాతిని నిలుపజాలదు. దానికి నాలుగిండ్ల పరస్పరవిశ్వాసము కావలెను. చందానగరు పెరళ్లలో మిగిలిన జాగా స్వల్పమే యైనను, ఆ స్వల్పములను కలుపుకొన్నవారు మన అసీలును తమ మనుమల చేతికి చెక్కుచెదరకుండ అందింపగలరు.